చేతులు మారే చిల్లర

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. విరిగిన చెట్లు, ఒరిగిన కరెంటు స్తంభాలు, పైకప్పు లేచిపోయిన విమానాశ్రయం... ఆ ఫొటోలు ఇప్పటికీ చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫొటోల్లో కనపడని నష్టం ఇంకొకటి జరిగింది. ఊరంతా సెల్‌ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేక, కేబుళ్లు తెగి టవర్లు పనిచేయడం మానేశాయి. విశాఖలో అయినవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ, మన సికింద్రాబాద్‌లో కూడా, ఎన్నిసార్లు ఫోన్ కొట్టినా 'అందుబాటులో లేరు' అన్న మాటే వినిపించింది.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. ఆ రోజు విశాఖలో లక్షలాది ఫోన్లున్నాయి. వాటిలో చాలావాటికి ఛార్జింగ్ ఉంది. ప్రతి ఫోన్‌లోనూ సంకేతాలు పంపే, అందుకునే రేడియో ఉంది. పోయింది టవర్ గానీ ఫోన్ కాదు కదా! మరి ఈ వీధిలో ఉన్న ఫోన్ పక్క వీధిలో ఉన్న ఫోన్‌తో ఎందుకు మాట్లాడలేకపోయింది?

ఎందుకంటే మన ఫోన్లకు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అలవాటు లేదు. మీరు హాల్లో కూర్చుని వంటింట్లో ఉన్న మనిషికి ఫోన్ చేసినా ఆ మాట ముందు టవర్‌కి వెళ్లాలి, అక్కడి నుంచి కంపెనీ ఎక్స్ఛేంజికి వెళ్లాలి, మళ్లీ టవర్ మీదుగా మీ వంటింట్లోకి రావాలి. నడుమ ఉన్న పెద్దమనిషి కూలిపోతే రెండు పక్కల వాళ్లూ మూగవాళ్లే.

పెద్దమనిషి లేకుండా పని జరగదా? జరుగుతుంది. రోజూ సిటీ బస్సులో చూస్తూనే ఉన్నాం.

సాయంత్రం ఆరున్నరకి సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే బస్సు ఎక్కండి. కండక్టర్ మీ దాకా రాలేడు, మీరు ఆయన దాకా వెళ్లలేరు. మీరేం చేస్తారు? ముందున్న ఆయన భుజం తట్టి, 'ఉప్పల్ ఒకటి' అని డబ్బులు ఆయన చేతిలో పెడతారు. ఆయన ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. అయిదు చేతులు మారి డబ్బు కండక్టర్‌ని చేరుతుంది. టికెట్, చిల్లర అవే చేతుల మీదుగా వెనక్కి వస్తాయి. ఆ అయిదుగురూ మీకు తెలియదు. వాళ్లను ఎవరూ నియమించలేదు. తార్నాకలో సగం మంది దిగిపోతే మిగిలినవాళ్లతో కొత్త వరస దానంతటదే ఏర్పడుతుంది.

ఇదే వైర్‌లెస్ యాడ్‌హాక్ నెట్‌వర్క్. మాట కొత్తది కాదు. అడ్‌హాక్ కమిటీ, అడ్‌హాక్ లెక్చరర్ అని పేపర్లో చదువుతూనే ఉంటాం. అప్పటికప్పుడు, ఆ అవసరానికి ఏర్పాటు చేసుకున్నది అని అర్థం. ముందే కట్టిన టవర్, వేసిన తీగ ఏదీ లేకుండా, అక్కడున్న పరికరాలే ఒకదాని మాట ఇంకొకటి మోసుకుంటూ నెట్‌వర్క్ అయిపోవడం అన్నమాట. అందులో ఒక్కో పరికరాన్ని నోడ్ అంటారు. ఆ నోడ్‌కి వేడినో తేమనో కదలికనో పసిగట్టే సెన్సర్ తగిలిస్తే అది సెన్సర్ నెట్‌వర్క్.

మన జేఎన్‌టీయూ కాలేజీల్లో సీఎస్‌ఈ, ఈసీఈ చదివినవాళ్లలో చాలామందికి ఈ సబ్జెక్టు ఎలక్టివ్‌గా తగిలే ఉంటుంది. తగిలినవాళ్లకు 'మూర్తి అండ్ మనోజ్' పుస్తకం కూడా తెలిసే ఉంటుంది. అసలు పేరు 'యాడ్ హాక్ వైర్‌లెస్ నెట్‌వర్క్స్: ఆర్కిటెక్చర్స్ అండ్ ప్రోటోకాల్స్'. 2004లో ప్రెంటిస్ హాల్ వేసింది. మా బ్యాచ్‌లో దాన్ని అయిదు యూనిట్లుగా కోసి, ఒక్కో యూనిట్‌కి రెండు ఎస్సే ప్రశ్నలు బట్టీపట్టి పాసయ్యాం. రాసిన మనిషి ఎవరు, ఎందుకు రాశారు అని పరీక్షలో అడగరు కాబట్టి ఎవరూ చదవలేదు.

ఆ మూర్తి గారు సి. శివరామ్‌మూర్తి. 1982లో వరంగల్ ఆర్‌ఈసీలో, అంటే ఇప్పటి ఎన్‌ఐటీలో, ఎలక్ట్రానిక్స్ బీటెక్ చేశారు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, బెంగళూరు ఐఐఎస్‌సీలో 1988లో పీహెచ్‌డీ. ఆ ఏడాదే మద్రాసు ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ విభాగంలో చేరారు. ముందు చాలా కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేసే పద్ధతుల మీద, తర్వాత గాజు తీగల్లో వెలుగుతో నడిచే ఆప్టికల్ నెట్‌వర్కుల మీద పనిచేశారు. ఆ తర్వాత అసలు తీగే లేని నెట్‌వర్కుల వైపు వచ్చారు. పుస్తకంలో రెండో పేరు బి.ఎస్. మనోజ్. మద్రాసు ఐఐటీలో ఆయన దగ్గర పరిశోధన చేసిన శిష్యుడు. అప్పటికి ఈ రంగంలో ఉన్నవన్నీ తలోచోట ఉన్న పరిశోధనా పత్రాలే. వాటిని ఒకచోట చేర్చి, విద్యార్థి చదివి అర్థం చేసుకునేలా వరుసలో పెట్టిన తొలి పుస్తకాల్లో ఇదొకటి.

సరే, పుస్తకం మూసి బస్సులోకి వద్దాం. ఈ నెట్‌వర్క్‌లో అసలు చిక్కులన్నీ బస్సులోనే ఉన్నాయి.

మొదటిది దారి వెతకడం. కండక్టర్ ఎటువైపు ఉన్నాడో మీకు కనపడదు. 'కండక్టర్ ఎక్కడండీ?' అని అడుగుతారు. పక్కనున్నవాళ్లు తమ పక్కవాళ్లను అడుగుతారు. ఎవరికో కనిపిస్తాడు. 'ఇదిగో ఇటు' అన్న జవాబు అదే వరసలో వెనక్కి వస్తుంది. ప్రతి మనిషీ గుర్తుంచుకోవాల్సింది మొత్తం దారి కాదు, తన తర్వాతి చేయి ఎవరిదో, అంతే. 2003లో ప్రయోగాత్మక పత్రంగా రాసిపెట్టిన ఏఓడీవీ అనే పద్ధతి దాదాపుగా ఇదే. అవసరం పడ్డప్పుడే దారి అడగడం, తెగిపోతే మళ్లీ అడగడం.

రెండోది గోల. ముందు డోర్ దగ్గర ఒకాయన, వెనక డోర్ దగ్గర ఒకావిడ ఒకేసారి 'టికెట్!' అని అరిచారు. ఒకరి అరుపు ఒకరికి వినపడదు. కాబట్టి ఇద్దరూ తామే మాట్లాడుతున్నామనుకుంటారు. మధ్యలో ఉన్న కండక్టర్‌కి రెండూ కలిసిపోయి ఏదీ అర్థం కాదు. దీన్ని 'హిడెన్ టెర్మినల్' సమస్య అంటారు. మందు కూడా బస్సులోదే. 'ఆ నీలం చొక్కా, చెప్పు నాయనా, ఎక్కడికి?' అని కండక్టర్ గట్టిగా అనగానే మిగతావాళ్లు ఆగుతారు. రేడియోలో కూడా అంతే. ముందు చిన్న సంకేతంతో 'మాట్లాడొచ్చా?' అని అడగాలి. అవతలివాడు 'ఊఁ, కానివ్వు' అంటే అది విన్న చుట్టుపక్కలవన్నీ కాసేపు నోరు మూసుకుంటాయి.

మూడోది అన్నిటికంటే పెద్దది. బ్యాటరీ.

మాట్లాడితే బ్యాటరీ ఖర్చవుతుంది, ఊరుకుంటే మిగులుతుంది అనుకుంటాం. రేడియోకి అది వర్తించదు. సెన్సర్ నోడ్లలో చాలాకాలం వాడిన సీసీ2420 అనే చిప్ లెక్క చూడండి. పూర్తి శక్తితో సంకేతం పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది. వినేటప్పుడు 18.8. అంటే ఎవరైనా పిలుస్తారేమోనని చెవి రిక్కించుకుని కూర్చోవడానికి, మాట్లాడటానికయ్యే దానికంటే కాస్త ఎక్కువే ఖర్చు! గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్ రెండు వేసి, సుమారు 2,500 మిల్లీయాంపియర్ అవర్ల సామర్థ్యం అనుకుందాం. రేడియో అస్తమానం వింటూ కూర్చుంటే 133 గంటలు వస్తుంది. అయిదున్నర రోజులు. అదే నూటికి ఒక్క వంతు సమయం మాత్రమే మేలుకుని మిగతాదంతా నిద్రపోతే, లెక్కప్రకారం ఏడాదిన్నర వస్తుంది.

కాబట్టి సెన్సర్ నెట్‌వర్క్ పరిశోధనలో ముఖ్యమైన ప్రశ్న ఎలా మాట్లాడాలన్నది కాదు, ఎప్పుడు నిద్రపోవాలన్నది. అందరూ ఒకేసారి నిద్రపోతే కబురు మోసేవాడుండడు. అందరూ మేలుకుంటే వారంలో అందరూ పోతారు. మూర్తి గారి పుస్తకంలో శక్తి నిర్వహణకే ఒక అధ్యాయం కేటాయించి, ఆ తర్వాతే సెన్సర్ నెట్‌వర్కుల అధ్యాయం పెట్టారు. ఆ వరస ఊరికే పెట్టింది కాదనిపిస్తుంది.

2000లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 'లీచ్' అనే పద్ధతి చెప్పారు. వినాయక మండపం దగ్గర రాత్రి కాపలా ఎలా వేసుకుంటామో తెలుసు కదా? తొమ్మిది రాత్రులూ ఒక్కడే కూర్చోడు. ఇవాళ వీళ్లు, రేపు వాళ్లు. లీచ్‌లో కూడా చుట్టుపక్కల నోడ్ల కబుర్లు పోగుచేసి దూరానికి పంపే బరువైన పని వంతులవారీగా మారుతుంటుంది. ఎవరి బ్యాటరీ మీదా మొత్తం భారం పడదు.

వంతులు వేసుకున్నా తీరని అన్యాయం ఒకటుంది. మళ్లీ బస్సులోకి చూడండి. కండక్టర్ పక్కన నిలబడ్డ మనిషికి ఊపిరాడుతుందా? బస్సులో సగం మంది టికెట్లు ఆయన చేతిమీదుగానే పోవాలి. సెన్సర్ నెట్‌వర్క్‌లోనూ కబుర్లన్నీ చేరాల్సిన చోటుకి దగ్గరగా ఉన్న నోడ్లు ముందు చచ్చిపోతాయి. దూరంగా ఉన్నవన్నీ నిక్షేపంగా ఉంటాయి, కానీ వాటి మాట బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. అందరి బరువూ మోసేవాడికి అదనంగా ఏం ఇవ్వాలి అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న కూడానన్నమాట.

ఇదంతా పరీక్ష పేపర్లోదేనా, ఎక్కడైనా నడిచిందా అంటే, నడిచింది. 2002లో అమెరికాలో గ్రేట్ డక్ ఐలాండ్ అనే చిన్న దీవిలో సముద్రపు పక్షుల బొరియల్లో ఇలాంటి నోడ్లు పెట్టారు. మనిషి అడుగుపెడితే బెదిరి గూళ్లు వదిలేసే పక్షులను మనిషి లేకుండానే గమనించారు. కేరళలో మున్నార్ కొండల్లో నేల కదలికను ముందుగా పసిగట్టేందుకు అమృత విశ్వవిద్యాపీఠం వాళ్లు మట్టిలో సెన్సర్లు పాతారు. మన దగ్గర గచ్చిబౌలి ట్రిపుల్ఐటీ వాళ్లు గాలి కాలుష్యాన్ని కొలిచే నోడ్లు తయారుచేసి క్యాంపస్‌లో, చుట్టుపక్కల పెట్టారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, ఇందాకటి ఉప్పల్ బస్సు తార్నాక చేరినప్పుడు గుర్తుచేసుకోండి. రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ అక్కడే ఉంది. 1957 నుంచీ ఉంది. రైళ్లు గుద్దుకోకుండా ఆపే 'కవచ్' వ్యవస్థ మొదట పెరిగింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లో, గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. రైల్వే మంత్రి ఒక ఇంజన్‌లోనే ఉన్నారు. రెండోదానికి 380 మీటర్ల దూరంలో ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. కవచ్‌లో ఎక్కువ పని పట్టాల మీది ట్యాగులు, స్టేషన్లు, వాటి టవర్లు చేస్తాయి. అది పూర్తి యాడ్‌హాక్ నెట్‌వర్క్ కాదు. కానీ అందులో ఒక ఇంజన్ ఇంకో ఇంజన్‌తో నేరుగా రేడియోలో మాట్లాడే ఏర్పాటు కూడా పెట్టారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నడుమ పెద్దమనిషి కోసం చూడకూడదన్న ఆలోచన అక్కడా ఉంది.

మరి ఇంజన్లకు ఉన్న ఆ వెసులుబాటు మన ఫోన్లకు ఎందుకు లేదు? పుస్తకం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. తెలివి లేక కాదు. కారణాలున్నాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే.

లష్కర్ బోనాల రోజు ఉజ్జయిని మహంకాళి గుడి చుట్టూ ఫోన్ కలవడం ఎంత కష్టమో ఆ గుంపులో నిలబడ్డవాళ్లకు తెలుసు. 'ఇంతమంది ఫోన్లు ఒకదాని మాట ఇంకొకటి మోస్తే ఎంత బాగుండు' అనిపిస్తుంది. నిజానికి అక్కడ అది ఇంకా ఘోరం. పీయూష్ గుప్తా, పి.ఆర్. కుమార్ అనే ఇద్దరు 2000లో లెక్కకట్టి చూపించారు. అందరూ అందరి మాటలూ మోసే నెట్‌వర్క్‌లో మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దక్కే వాటా తగ్గుతూ పోతుంది. జనం వంద రెట్లయితే వాటా పదో వంతు కూడా మిగలదు. నా మాటకంటే నేను మోయాల్సిన పరాయి మాటలే ఎక్కువైపోతాయి. అందుకే మామూలు రోజుల్లో, పెద్ద ఊళ్లలో టవర్‌దే గెలుపు. అందులో తప్పుపట్టడానికేం లేదు.

రెండో కారణం మనిషి గుణం. నా బ్యాటరీ పది శాతం ఉంది, పరాయివాడి కబురు నేనెందుకు మోయాలి? నా కబురు మాత్రం అందరూ మోయాలి, నా వంతు వచ్చినప్పుడు నేను నిద్ర నటిస్తాను. ఇలాంటి నోడ్లను పరిశోధకులు మొహమాటం లేకుండా 'స్వార్థపు నోడ్లు' అనే పిలిచారు. వాటిని పట్టుకునే పద్ధతులు, మోసినవాడికి ప్రతిఫలం ఇచ్చే పద్ధతులు, వీటి మీద బోలెడు పత్రాలొచ్చాయి. బస్సులో మన చిల్లర ఎవరూ జేబులో వేసుకోకపోవడానికి కారణం నలుగురూ చూస్తుండటం. రేడియోలో ఆ నలుగురి చూపుని లెక్కలతో కట్టాలి. అది తేలిక కాదు.

మూడోది, ఇందులో బిల్లు వేయడానికి ఎవరూ లేరు. నెల తిరిగేసరికి రీఛార్జ్ రాని పనికి ఏ కంపెనీ ఉత్సాహపడుతుంది చెప్పండి?

ఈ చిక్కుల మధ్య నాకు నచ్చేది మూర్తి గారు, ఆయన విద్యార్థులు పనిచేసిన మధ్యేమార్గం, హైబ్రిడ్ నెట్‌వర్క్. టవర్‌ని తీసేయమని కాదు. టవర్ అందినంతవరకూ టవర్. అందనిచోట పక్కవాడి ఫోన్ మీదుగా అందేచోటికి. పుస్తకంలో దీనికీ ఒక అధ్యాయం ఉంది. శిష్యుడు మనోజ్ తర్వాత ఇంకో అడుగు వేసి, 2007లో విపత్తుల వేళ కమ్యూనికేషన్ కష్టాల మీద అలెగ్జాండ్రా బేకర్‌తో కలిసి ఒక వ్యాసం రాశారు. ఆ కష్టాలు మూడు రకాలని తేల్చారు: సాంకేతికమైనవి, సామాజికమైనవి, సంస్థలకు సంబంధించినవి. రేడియో ఇంజనీరు రాసిన వ్యాసంలో మూడింట రెండు వంతుల సమస్య మనుషులదేనని ఉండటం గమనించాలి.

హుద్‌హుద్‌కి కొద్ది రోజుల ముందే హాంకాంగ్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. నెట్ ఆపేస్తారన్న భయంతో ఫైర్‌చాట్ అనే యాప్‌ని లక్షలమంది దించుకున్నారు. బ్లూటూత్, వైఫైలతో ఫోన్ నుంచి ఫోన్‌కి కబురు మోసే యాప్ అది. అంటే అదే నెల, అలాంటి ఫోన్లతోనే ఒక ఊరి జనానికి ఈ దారి తెలుసు. ఇంకో ఊరి జనానికి అలాంటిదొకటుందని చెప్పినవాళ్లు లేరు.

ఆ తర్వాత మనం కొంత ముందుకొచ్చాం. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, తెర మీద అత్యవసర హెచ్చరిక కనిపించింది, గుర్తుందా? చాలామంది ఉలిక్కిపడ్డారు. అది ప్రభుత్వం చేసిన పరీక్ష, మంచి పనే. కానీ ఆ మాట పైనుంచి కిందికి వచ్చేది. టవర్ నిలబడి ఉంటేనే వచ్చేది. తుఫాను దాటాక, టవర్ పడ్డాక, 'మేం డాబా మీదున్నాం, నలుగురం, ఒకరికి దెబ్బ తగిలింది' అని కిందినుంచి పైకి వెళ్లాల్సిన మాటకు దారేదీ?

ఇక్కడే నాకో విషయం మింగుడుపడదు. మీ తాళాలగుత్తికి కట్టిన చిన్న ట్యాగ్ ఎక్కడో పడిపోతే, దారినపోయే పరాయివాడి ఫోన్ దాని బ్లూటూత్ సంకేతాన్ని విని, ఆయనకు తెలియకుండానే మీకు ఆచూకీ చేరవేస్తుంది. యాపిల్ 2019లోనే ఇలాంటి ఏర్పాటు ప్రకటించింది, గూగుల్ 2024లో తెచ్చింది. పరాయివాడి పని కోసం మన బ్యాటరీలో ఒక చుక్క ఇవ్వడం, మోసే కబురులో ఏముందో మోసేవాడికి తెలియకుండా తాళం వేయడం, ఇవి రెండూ కోట్ల ఫోన్లలో ఇప్పటికే నడుస్తున్నాయి. అక్కడ కూడా ఆ పరాయివాడి ఫోన్‌కి నెట్ ఉండాలి, నిజమే. కానీ వరసలో ఇంకో నాలుగు చేతులు కలపడం కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు.

తుఫాను హెచ్చరిక జెండా ఎగరగానే ఆ జిల్లాల్లో ఫోన్లన్నీ మెల్లగా ఇంకో పద్ధతిలోకి మారాలి. వీడియోలు, కాల్స్ అక్కర్లేదు. నూట అరవై అక్షరాల కబురు చాలు. గంటలో కొద్ది నిమిషాలు మేలుకుని, పక్క ఫోన్ల కబుర్లు తీసుకుని, మళ్లీ నిద్రపోవాలి. ఎక్కడో ఒకచోట బతికున్న టవర్ దగ్గరికో, సహాయక బృందం జీపు దగ్గరికో చేరేదాకా అవి చేతులు మారుతూ పోవాలి. తీరం పొడవునా ఏటా తుఫాను చూసే రాష్ట్రాలు ఫోన్ కంపెనీలను ఈ మాట అడగవచ్చు. అమ్మే ప్రతి ఫోన్‌లో ఎమర్జెన్సీ బటన్ ఉండాలని మన ప్రభుత్వమే ఒకప్పుడు నిబంధన పెట్టింది. కాబట్టి అడిగే అధికారం లేదనడానికి లేదు.

అడగాలంటే ముందు ఇలాంటిదొకటి సాధ్యమని పదిమందికీ తెలియాలి. ఏటా వేలమంది పిల్లలు ఈ సబ్జెక్టు రాసి పాసవుతున్నారు. వాళ్లలో భీమిలి వాళ్లున్నారు, ఉప్పాడ వాళ్లున్నారు, దివిసీమ వాళ్లున్నారు. ఈసారి ఎలక్టివ్‌గా ఇది వచ్చినవాళ్లు పదమూడో అధ్యాయం సిలబస్‌లో లేకపోయినా చదవండి. అది హైబ్రిడ్ నెట్‌వర్కులది. ప్రాజెక్టుకి ఏం చేయాలా అని వెతుక్కుంటున్నవాళ్లకు అక్కడ కావలసినంత పని ఉంది.